తారు రోడ్డు దాకా వచ్చి ఆగిపోతున్న ఉత్తరాలు: సొంత బాట మీద ఇళ్లున్నవాళ్లు ఏం చేస్తున్నారు?

మామిడితోట_పదకొండు
అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

మేము హైదరాబాద్‌కి యాభై కిలోమీటర్ల దూరంలో ఒక మామిడితోటలో ఇల్లు కట్టుకుని నాలుగేళ్లయింది. ఊరి తారు రోడ్డు దిగాక ముప్పావు కిలోమీటరు మట్టి బాట. అది పంచాయతీది కాదు. తోట అమ్మినాయన తన పట్టా భూమిలోంచి ఇరవై అడుగులు వదిలాడు, మా అందరి రిజిస్ట్రేషన్ కాగితాల్లో దారి హక్కు అని రాసి ఉంది. బాట మీద ఇప్పుడు పదకొండు ఇళ్లు.

మాకు పోస్టు అనేదే రావట్లేదు. నా ఏటీఎం కార్డు రెండుసార్లు వెనక్కి వెళ్లింది. నాన్నగారి పాస్‌పోర్టు కూడా వెళ్లిపోయేదే, ఆఖరి రోజున నేను ఆఫీసుకి సెలవు పెట్టి పరిగెత్తితే దొరికింది. ట్రాకింగ్‌లో ‘ఇంటికి తాళం’ అని ఉంది. ఆ రోజు ఇంట్లో అమ్మ, నాన్న, పంపు రిపేరుకి వచ్చిన ఇద్దరు మేస్త్రీలు, మా కుక్క, అందరూ ఉన్నారు. ఏ ఇంటికి తాళం చూశారో మరి. పోస్టాఫీసులో అడిగితే ‘అది ప్రైవేటు రోడ్డు కదా సార్, మేము రాము’ అన్నారు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువులు తెచ్చే పిల్లలు మాత్రం రోజూ గేటు దాకా వస్తున్నారు. వాళ్లకి లేని ప్రైవేటు రోడ్డు పోస్ట్‌మ్యాన్‌కి ఎక్కడ్నుంచి వచ్చింది? ఇలాంటి చోట ఉంటున్నవాళ్లు ఎవరైనా దీన్ని సాధించుకున్నారా?

గోదారిగట్టు
కుక్క కూడా ఇంట్లోనే ఉందన్నారు. సమాధానం అక్కడే ఉందేమో చూసుకోండి :)

మామిడితోట_పదకొండు
కట్టేసే ఉంటుందండీ. అయినా మా కుక్కని చూసి భయపడాలంటే ముందు దాని నిద్ర లేపాలి.

పాత_బీపీఎం
నేను బ్రాంచి పోస్టుమాస్టరుగా ముప్పై ఒక్కేళ్లు చేసి దిగాను. మొదట్లో మమ్మల్ని ఈడీ, అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్, అనేవాళ్లు, తర్వాత గ్రామీణ డాక్ సేవక్ అన్నారు. పేరు మారింది, సైకిలు మారలేదు. కాబట్టి అటువైపు మాట కూడా కొంచెం వినండి.

మీ ఊరి పోస్టాఫీసు అనేది చాలా చోట్ల ఒక అద్దె గది. అందులో ఒకరు, మహా అయితే ఇద్దరు. లెక్క ప్రకారం పని నాలుగు గంటలు లేదా ఐదు గంటలు, జీతం కూడా ఆ లెక్కనే. పొద్దున సబ్ పోస్టాఫీసు నుంచి సంచి వచ్చేసరికి పదిన్నర, పదకొండు. అందులోనే సేవింగ్సు ఖాతాలు, ఆర్డీలు, వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకునేవాళ్లు, తెలంగాణలో అయితే పింఛన్ల రోజులు వచ్చాయంటే గది బయట ముసలివాళ్ల క్యూ. అవన్నీ అయ్యాక మిగిలిన టైములో మూడు నాలుగు ఊళ్ల టపా తిరగాలి.

ప్రైవేటు రోడ్డు అని రాలేదన్నది నేను నమ్మను. నేను వరి గట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లి మనియార్డర్లు ఇచ్చాను, ఆ గట్టు ఎవరి పట్టానో ఎప్పుడూ అడగలేదు. అసలు సంగతి వేరే ఉంటుంది. మీ పదకొండు ఇళ్లు ఎవరి బీట్‌లోనూ, అంటే టపా ఇచ్చే మనిషి తిరగాల్సిన దారి లెక్కలో, రాసి ఉండవు. నాలుగేళ్ల కింద అక్కడ మామిడి చెట్లే కదా. బీట్‌లో లేని చోటికి వెళ్లమని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు, వెళ్లినా ఆ పెట్రోలు ఖర్చు ఎవరూ ఇవ్వరు. కవరు మీద సర్వే నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. చేతిలో ఉన్న ఫోన్‌లో ఏదో ఒక కారణం నొక్కితే తప్ప ఆ కవరు లెక్క తేలదు. ‘ఇంటికి తాళం’ నొక్కడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ మీరు పోట్లాడాల్సింది ఆ అబ్బాయితో కాదు.

రెండు విషయాలు చెప్పండి. మీ అడ్రసులో పిన్ కోడ్ ఏది రాస్తున్నారు? పదకొండు ఇళ్లవాళ్లూ ఒకే పిన్ రాస్తున్నారా?

చిరాకు_చిట్టిబాబు
మాస్టారూ, మీరంటే గౌరవమే, కానీ ఎప్పుడూ ఇదే కథ. మనిషి తక్కువ, జీతం తక్కువ, సంచి లేటు. డబ్బు కట్టి స్పీడ్ పోస్టు పంపితే అది చేరాలా వద్దా? నా చెల్లెలి అడ్మిషన్ లెటరు పన్నెండు రోజులు ఊరి పోస్టాఫీసు అల్మారాలో పడుంది. ఇంటికి ఒక ఫోన్ కొట్టి ఉంటే మేమే వెళ్లి తెచ్చుకునేవాళ్లం. ఫోన్ చేయడానికి కూడా బీట్ కావాలా?

పాత_బీపీఎం
చిట్టిబాబూ, కవరు మీద ఫోన్ నంబరు ఉంటే చేయకపోవడం ముమ్మాటికీ తప్పు. ఉందా మరి?

చిరాకు_చిట్టిబాబు
…లేదు. కాలేజీవాళ్లు వేయలేదు.

కొబ్బరాకు
మాది కోనసీమ. మా మకాం కూడా ఊళ్లో కాదు, కొబ్బరితోటలో. రోడ్డు నుంచి లోపలికి ఒక పుంత, ఆ పుంత మీద నాలుగు కుటుంబాలం. వానాకాలం మోకాలి లోతు బురద, పోస్ట్‌మ్యాన్ సంగతి దేవుడెరుగు, మా బావగారే రెండు రోజులు అత్తారింట్లో ఉండిపోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము పదిహేనేళ్లు ఆ దారిని పక్క కమతం ఆయనదే అనుకున్నాం, ఆయన కూడా అలాగే అనుకుని కంచె జరుపుతూ వచ్చాడు. ఆస్తి పంపకాలప్పుడు సర్వేయరు కొలిచి చూస్తే అది రికార్డుల్లో పుంతే, అంటే ఊరుమ్మడి దారి. మీవైపు దీన్ని నక్షా బాట అంటారనుకుంటా, గుంటూరు వాళ్లు డొంక అంటారు. మీ బాట మొత్తం పట్టాలోంచి వదిలిందేనా, లేక మొదట్లో కొంత ముక్క పాత బండ్ల బాటేనా, ఒకసారి ఊరి నక్షా తీయించి చూడండి. పబ్లిక్ దారి అని కాగితం చూపించాక మా పంచాయతీవాళ్లు గ్రావెల్ పోశారు. గ్రావెల్ పడ్డాక పోస్ట్‌మ్యాన్ కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. అప్పటిదాకా మా ఉత్తరాలు రోడ్డు మీద టీ కొట్టులో ఇచ్చేవాడు. టీ కొట్టాయన వాటిని బిస్కెట్ సీసా కింద పెట్టేవాడు, అందుకని మా ఇంట్లో పాత ఉత్తరాలన్నిటి మీదా గుండ్రంగా ఒక మరక ఉంటుంది.

ఆస్టిన్_అత్తయ్య
ఇది చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే నాదీ ఇదే గోల, కాకపోతే టెక్సస్‌లో. ఆస్టిన్ నుంచి గంట దూరంలో ఐదెకరాలు కొనుక్కుని రిటైరయ్యాం. మాదీ ప్రైవేటు రోడ్డే, గులకరాళ్ల దారి, దాని మీద ఆరు ఇళ్లు, ఖర్చు మేమే పంచుకుంటాం. ఇక్కడ పోస్టల్ వ్యాను మా దారిలోకి రాదు. ఆరు డబ్బాలూ కౌంటీ రోడ్డు మొదట్లో వరసగా గుంజకి బిగించి ఉంటాయి, టపా తెచ్చే ఆవిడ బండి దిగకుండా కిటికీలోంచి చేయి చాపి వేసేసి వెళ్లిపోతుంది. దానికీ కొలతలున్నాయి: డబ్బా అడుగుభాగం రోడ్డు మట్టం నుంచి 41 నుంచి 45 అంగుళాల ఎత్తులో, రోడ్డు అంచు నుంచి 6 నుంచి 8 అంగుళాలు వెనక్కి ఉండాలి. మావారు కొబ్బరికాయ కొట్టి మరీ బిగించారు, ఎత్తు మూడంగుళాలు తక్కువైందని మళ్లీ తవ్వాల్సొచ్చింది.

ఈ దేశంలో పల్లెల్లో ఇంటింటికీ టపా 1896లో మొదలైందట. అంతకుముందు రైతులు పోస్టాఫీసు ఉన్న ఊరికి వెళ్లి తెచ్చుకోవాల్సిందే. రోడ్డు మొదట్లో డబ్బా అన్న ఏర్పాటు అప్పటి అలవాటే. మంచి ఏంటంటే ఎవరికీ మొహమాటం లేదు, ఎవరి డబ్బా వాళ్లది. చెడు ఏంటంటే మందులు కూడా పోస్టులోనే వస్తాయి, నా మోకాళ్ల నొప్పితో అర మైలు నడవాలి. నడవలేనివాళ్లు డాక్టరు కాగితం జత చేసి అడిగితే ఇంటి దగ్గరే ఇచ్చే వీలు ఉంది. నాకింకా ఆ కాగితం తీసుకోవాలంటే నామోషీగా ఉంది.

మీ పదకొండు మందీ కలిసి అలా డబ్బాలు పెట్టుకుంటే సరిపోదా బాబూ?

నల్లకోటు
అత్తయ్యగారి ఐడియా మామూలు ఉత్తరాలకి బావుంటుంది. సంతకం పెట్టి తీసుకోవాల్సినవి డబ్బాలో వేయరు, అసలు చిక్కు వాటితోనే. నేను వకీలుని, ఇలాంటివి నెలకి ఒకటైనా చూస్తాను.

చెక్ బౌన్స్ నోటీసు ఉందనుకోండి. మీ సరైన అడ్రసుకి రిజిస్టరు చేసి పంపితే, అది ‘ఇంటికి తాళం’ అని తిరిగొచ్చినా, మీకు అందినట్టే చట్టం అనుకుంటుంది. జనరల్ క్లాజెస్ యాక్టులో 27వ సెక్షను ఉంది, 2007లో అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి కూడా ఇదే చెప్పింది. నోటీసు నిజంగా అందలేదన్నవాడు కోర్టు సమన్లు అందిన పదిహేను రోజుల్లో డబ్బు కట్టెయ్యొచ్చు అని ఒక దారి వదిలారు, అంతే. అంటే ఆ తాళం మీ ఇంటికి లేకపోయినా, లేదని నిరూపించుకోవాల్సింది మీరే. నా క్లయింటు ఒకాయన ‘నాకు తెలియనే తెలియదు సార్’ అని ఏడ్చినంత పని చేశాడు. ఆయన ఇల్లూ ఇలాగే తోటలో.

దారి గురించి: మీ కాగితాల్లో దారి హక్కు రాసి ఉంటే మీ ఇంటికి వచ్చే చుట్టానికీ, గ్యాస్ బండికీ, పోస్ట్‌మ్యాన్‌కీ ఆ దారిన వచ్చే వీలు ఉన్నట్టే. భూమి ఆయన గేటు పెట్టి తాళం వేస్తే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కింద అడగొచ్చు. గేటు ఏమైనా ఉందా?

మామిడితోట_పదకొండు
ఉంది సార్. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా తాళం, మేమే వేసుకుంటాం, అడవి పందులు వస్తున్నాయని. పగలు తెరిచే ఉంటుంది.

బీపీఎం మాస్టారూ, మీరు అడిగిన పిన్ కోడ్ గురించి నిన్న సాయంత్రం ఇంటింటికీ తిరిగి ఆధార్ కార్డులు చూశాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి. పదకొండు ఇళ్లకి మూడు పిన్ కోడ్‌లు! ఐదుగురిది మండల కేంద్రం పిన్, నలుగురిది మా ఊరు ఏ పోస్టాఫీసు కిందకి వస్తుందో దానిది, ఇద్దరు ఏకంగా పాత హైదరాబాద్ అద్దె ఇంటి పిన్ ఉంచేసి కింద లైను మాత్రం మార్చుకున్నారు. నాది మండల కేంద్రం పిన్. ప్లాటు అమ్మిన ఏజెంటు బ్రోచరులో అదే ఉంది, నేనూ అదే ఎక్కించా. ఇంటి నంబర్ల సంగతి కూడా అంతే. సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్పించుకునే ‘నాలా’ (NALA) కన్వర్షన్ చేయించుకున్న ఆరుగురికి పంచాయతీ ఇంటి నంబరు ఇచ్చింది, మిగతావాళ్లం సర్వే నంబరు, దాని కింద బై నంబరు రాసుకుంటున్నాం. మాకే మా అడ్రసు మీద ఒక మాట లేదు.

పాత_బీపీఎం
నేను అనుకున్నదే. 1972లో పిన్ వచ్చిందే ఒకే పేరుతో నాలుగు ఊళ్లుంటే టపా తికమక కాకుండా. చివరి మూడంకెలు డెలివరీ చేసే ఆఫీసువి. సార్టింగులో యంత్రమైనా మనిషైనా చూసేది ఆ ఆరంకెలే, ఊరి పేరు తర్వాత. మీ కవరు మండల కేంద్రం సంచిలో పడింది, అక్కడి పోస్ట్‌మ్యాన్‌కి మీ తోట ఎక్కడుందో ఏం తెలుస్తుంది? మీ ఊరి బ్రాంచికి రానే రాని ఉత్తరానికి మీరు మీ ఊరి అబ్బాయిని తిడుతున్నారు.

చేయాల్సింది చెప్తాను. ముందు అందరూ ఒకే పిన్‌కి రండి, కింద మీ బ్రాంచి పోస్టాఫీసు పేరు, దానికి ‘బీవో’, ‘వయా’ అని సబ్ ఆఫీసు పేరు, ఫోన్ నంబరు. బ్యాంకులో, ఆధార్‌లో, అన్నిట్లో అదే. తర్వాత తెల్లకాగితం మీద పదకొండు మంది పేర్లు, ఇంటి నంబర్లు, చేత్తో గీసిన బాట బొమ్మ, అందరి సంతకాలతో పోస్టల్ సబ్ డివిజన్ ఇన్‌స్పెక్టరు గారికి అర్జీ పెట్టండి, ఈ ఇళ్లని బీట్‌లో కలపమని. కౌంటర్లో ఉన్న పిల్లవాడికి ఇస్తే డ్రాయరులోకి పోతుంది. ఒక కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. నెల దాటినా కదలకపోతే 1800 266 6868కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు సీపీగ్రామ్స్. ముందే అక్కడికి వెళ్లకండి, ఊళ్లో మనిషికి మనసు విరుగుతుంది, తర్వాత ఇరవై ఏళ్లు ఆ మనిషితోనే మీకు పని.

గూగుల్_గోపి
ఇన్ని తిప్పలెందుకు బ్రో, డిజిపిన్ వచ్చింది కదా 2025లో. పది అక్షరాల కోడ్, నాలుగు మీటర్ల చదరంలో మీ గేటు ఎక్కడుందో పట్టేస్తుంది. మన ఐఐటీ హైదరాబాద్ వాళ్లు, ఇస్రో వాళ్లు కలిసి చేసిందే. అడ్రసులో అది రాసేస్తే అయిపోలా?

పాత_బీపీఎం
రాయండి నాయనా, మంచిదే. కానీ డిజిపిన్ వచ్చినా పిన్ కోడ్ పోలేదు. గేటు ఎక్కడుందో తెలియడం వేరు, అక్కడికి వెళ్లడం ఒకరి డ్యూటీ కావడం వేరు.

కొబ్బరాకు
ఇది ఎవరైనా గోడ మీద రాయించాలి.

మామిడితోట_పదకొండు
అర్జీ రాస్తున్నాం. కానీ మధ్యలో ఇంకో రభస. తారు రోడ్డు మీద కిరాణా కొట్టుంది, అందరి ఉత్తరాలూ అక్కడ ఇచ్చేస్తే చాలని ఆరుగురు అంటున్నారు. మూడో ఇంటి మేడమ్ ససేమిరా అన్నారు. ఆవిడకి కోర్టులో విడాకుల కేసు నడుస్తోంది, ‘నా కాగితాలు ఉప్పు బస్తా మీద పెడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది’ అన్నారు. మేము కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

నల్లకోటు
ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు కరెక్టు. సంతకం పెట్టే టపాకి కొట్టాయన ఎవరు? ఎవరి తరఫునైనా ఇంకొకరు తీసుకోవాలంటే రాతపూర్వకంగా పోస్టాఫీసుకి ఇచ్చి ఉండాలి. మామూలువి డబ్బాలో, మిగతావి ఇంటి దగ్గర లేదా ఫోన్ చేస్తే ఎవరిది వాళ్లు పోస్టాఫీసుకి వెళ్లి. కొట్టు వద్దు.

ఆస్టిన్_అత్తయ్య
తాళం ఉన్న డబ్బా పెట్టండి. పైన చిన్న చీలిక, కింద తాళం.

మామిడితోట_పదకొండు
ఆరు వారాల తర్వాత వస్తున్నా, అడిగిన అందరికీ జవాబు.

డబ్బాలు పెట్టాం. ఊళ్లో వెల్డింగు షాపు అబ్బాయి పాత ఇనుప రేకుతో పదకొండు గదుల అర చేసిచ్చాడు, ఒక్కో గదికి చిన్న తలుపు, తాళం. మొదట తారు రోడ్డు పక్కనే పాతబోతే ఎదుటి చేనాయన ‘అది నా హద్దు’ అని వచ్చాడు. అరగంట వాదన అయ్యాక తేలిందేంటంటే ఆయనకీ ఉత్తరాలు రావట్లేదట. పన్నెండో గది వెల్డింగు చేయించాం, హద్దు గొడవ అక్కడితో సరి. మొదటి వానకి చీలికలోంచి నీళ్లు పోయి నాన్నగారి బీమా నోటీసు పప్పు చారైంది, తర్వాత పైన రేకు వంచి చూరులా పెట్టించాం. ఐదో గదిలో కందిరీగలు గూడు కట్టాయి. ఆ ఇంటాయన అమెరికాలో ఉన్నాడు, గూడు తీసేవాళ్లు లేరు, ఆయన ఉత్తరాలన్నీ ఇప్పుడు ఆరో గదిలో వేస్తున్నారు.

అర్జీ ఇచ్చిన ఇరవై మూడో రోజున ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా బండి మీద వచ్చి బాట చివరిదాకా చూసుకుని వెళ్లారు. బీట్‌లో కలిపామని కాగితం ఇంకా రాలేదు, నోటితో చెప్పారు. వారానికి రెండు రోజులు లోపలికి వస్తానని, సంతకం టపా ఉంటే ముందు ఫోన్ చేస్తానని డాక్ సేవక్ అన్నారు. ఆ అబ్బాయి కాదండీ, అమ్మాయి. ఇన్నాళ్లూ ‘ఆ అబ్బాయి’ అని ఇక్కడ తిట్టుకున్నాం. ఇరవై నాలుగేళ్లుంటాయి, వరంగల్ దగ్గర్నుంచి పోస్టింగు మీద వచ్చింది. మొదటిసారి మా బాటలోకి వచ్చినప్పుడు మా వీధి చివర మూడు కుక్కలు వెంటపడితే స్కూటీ వదిలేసి మామిడి గట్టెక్కిందట. ఆ తర్వాత మళ్లీ రాలేదు. ఇది ఆఫీసులో చెప్పుకోలేక ‘ప్రైవేటు రోడ్డు’ అని చెప్పిందట. అమ్మ ఆమెని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి ఇదంతా రాబట్టింది.

గోదారిగట్టు
నేను రెండో పోస్టులోనే చెప్పాను. రికార్డు కోసం రాసుకోండి.

మామిడితోట_పదకొండు
మా కుక్క కాదు సార్ అవి! ఎనిమిదో ఇంటివి. వాళ్లతో మాట్లాడాం, ఆమె వచ్చే మంగళ, శుక్రవారాలు కట్టేస్తామన్నారు.

ఏటీఎం కార్డు మాత్రం పోయిన శుక్రవారం చేతికొచ్చింది, మూడో ప్రయత్నంలో. కవరు మీద బ్యాంకువాళ్లు ఇంకా పాత పిన్నే వేశారు, దాన్ని ఎవరో పెన్నుతో కొట్టేసి పైన మా కొత్త పిన్ రాశారు.

పాత_బీపీఎం
ఆ పెన్ను గీత సబ్ ఆఫీసులోది. మీ అర్జీ ఎవరో చదివారు.

చేను_మధ్య_ఇల్లు
ఇప్పుడే ఇదంతా చదివాను, మాది అనంతపురం వైపు, బాట మీద మేము ఒక్కళ్లమే. ఒక ఇంటికి కూడా బీట్‌లో కలుపుతారా మాస్టారూ, లేక డబ్బానే గతా?

పాత_బీపీఎం
అర్జీ పెట్టండమ్మా. రోడ్డు నుంచి ఎంత దూరం, కుక్కలెన్ని, అది కూడా రాయండి.